తాత తాగిన చుట్ట

ఖమ్‌నోయ్ అక్కకి ఇంక ఆర్నెల్లే అని మా కొండ మీద అందరికీ తెలుసు. ఆకు కోసే కూలీలకు తెలుసు, కింద బజారులో అల్లం అమ్మే ముసలమ్మకు తెలుసు. తెలియనిదల్లా ఖమ్‌నోయ్ అక్కకే. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రోగం ఆమెది, ప్రాణం ఆమెది, కబురు మాత్రం ఊరిది.

మా దగ్గర పద్ధతే అంత. పెద్ద రోగమొస్తే రోగిని బయట బల్ల మీద కూర్చోబెట్టి, అయినవాళ్ళు లోపలికి వెళ్ళి డాక్టరు మాట వింటారు. తెలిస్తే గుండె జారి ముందే పోతారని భయం. అది ప్రేమే అంటారు. కాదని నేననను. కానీ ప్రేమ పేరు చెప్పి మనిషి నోరు నొక్కేస్తే దాన్నేమనాలో నాకు తెలియదు.

అక్కది మియాంగ్ ఆకు పని. పొద్దున్నే నడుముకు బుట్ట కట్టుకుని కొండ తేయాకు తోటలోకి వెళ్ళడం, లేతా ముదురూ కాని ఆకు కోసి గుప్పెడేసి కట్టలు కట్టడం, వాటిని చెక్క పీపాలో పేర్చి కట్టెల మంట మీద ఆవిరికి ఉడికించడం, పులియడానికి గోతిలో అదిమి పెట్టడం. ఆ పులిసిన ఆకు ఉప్పుతో బుగ్గన పెట్టుకోందే మా వాళ్ళకు పొద్దు గడవదు. అక్క కట్టిన కట్టను బిగువు చూసే గుర్తుపట్టేవాళ్ళు. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. ఇంట్లో కూతురు ఉరై, ఒక పక్కింట్లో అన్న బున్‌తా, ఇంకో పక్కింట్లో నేను. నా పేరు ఫిన్. "ఒసే ఫిన్" అని తప్ప అక్క నన్నెప్పుడూ పిలిచి ఎరగదు.

ఆమెకు ఇంకో బాధ్యత కూడా ఉండేది. ఆ ఇంట్లో చనిపోయిన పెద్దలు ఆమె ఒంటి మీదికి వచ్చేవారు. మాలో ఇది తల్లి వైపు ఆడవాళ్ళలో ఒకరి తర్వాత ఒకరికి వచ్చే వరస. ఏడాదికోసారి, వానలకు ముందు, పందిరి వేసి డప్పు కొడితే అక్కకు పూనకం వచ్చేది. వచ్చేవాడు ఆ ఇంటి ముత్తాత, ఒకప్పటి ఏనుగుల మావటి. నోరు మంచిది కాదు. రాగానే ఎర్ర తలపాగా అడిగేవాడు, సారా అడిగేవాడు, ఎండు అరటాకులో చుట్టిన లావుపాటి చుట్టలు మూడో నాలుగో వరసబెట్టి కాల్చేవాడు, అందరినీ పేరుపేరునా తిట్టి వెళ్ళిపోయేవాడు. తాత దిగిపోయాక ఆ వాసనకే అక్క కడుపు పట్టుకుని వాంతి చేసుకునేది. మామూలు రోజుల్లో బున్‌తా చుట్ట వెలిగిస్తే చీపురు పట్టుకుని వసారా దింపేసేది.

అలాంటి మనిషికి దగ్గు పట్టుకుంది. పీపా దగ్గర పొగ పడలేదేమో అనుకున్నాం. తర్వాత నడుము నొప్పి మొదలైంది. కింద పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళితే సూది పెట్టి ముక్క తీసి పరీక్ష చేశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్, ఎముకలకు కూడా పాకింది. అయితే ఆ గడ్డలో ఒక రకం మార్పు ఉందనీ, సరిగ్గా ఆ మార్పునే గురి చూసి కొట్టే మాత్ర ఉందనీ, రోజుకొకటి మింగాలనీ చెప్పారు. చెప్పింది ఎవరికి? బున్‌తాకీ ఉరైకీ. అక్క బయట బల్ల మీద కూర్చుని ఉంది.

గదిలో ఏం జరిగిందో ఉరై తర్వాత నాకు ఏడుస్తూ చెప్పింది. డాక్టర్ నిథి కుర్రాడు, మంచివాడే. మాత్ర ఎంతకాలం పనిచేస్తుందో అంచనా కట్టే లెక్క ఒకటి కంప్యూటరులో పెట్టుకున్నాడు. వయసు, రోగం ఎక్కడిదాకా పాకింది, రక్త పరీక్షలు, అన్నీ ఒక్కొక్కటే అందులో వేస్తూ అడిగాడట.

"మీ చెల్లెలు పొగ తాగుతారా?"

బున్‌తా ఇరుకున పడ్డాడు. తాగదంటే, ఆమె ఒంటి మీదికి తాత వచ్చి చుట్టలు కాల్చడమే అబద్ధమని తన నోటితో తనే ఒప్పుకున్నట్టు. తాత సంగతి చెబితే పట్నం వాళ్ళు పళ్ళికిలిస్తారు.

"తాగుద్దండీ," అన్నాడు.

"సిగరెట్లా?"

"చుట్టలండీ. బాగా లావువి. కూర్చుందంటే మూడు నాలుగు లేపేస్తది."

"ఎప్పటినుంచి?"

"పెళ్ళికి ముందు నుంచీనండీ."

ఏడాదికోసారి అన్న ముక్క గొంతులోనే ఉండిపోయింది. తాత పరువు దక్కింది, చెల్లెలి లెక్క తప్పింది. ఉరై నోట్లో నాలుక లేనట్టు కూర్చుంది. సరే, వీళ్ళ సంగతి ఇలా ఏడిసింది. ఆ డాక్టరుకేం వచ్చింది? తలుపు తీస్తే బల్ల, బల్ల మీద అక్క. "ఏమ్మా, తాగుతావా?" అని అడగడానికి ఎంతసేపు పడుతుంది?

లెక్క బాగా రాలేదు. పొగ బాగా తాగినవాళ్ళకు ఆ మాత్ర ఎక్కువకాలం నిలబడదట. ఇలాంటివాళ్ళలో సగం మందికి ఆరో నెలకల్లా రోగం మళ్ళీ పెరుగుతుంది, మిగతా సగానికి ఇంకా టైముంటుంది అన్నాడు డాక్టరు. మొహం మీద పొక్కులు లేస్తాయి, భయపడకండి, చాలామందిలో అది మందు పనిచేస్తోందనడానికి గుర్తు అని కూడా చెప్పాడు. బున్‌తా కొండెక్కేసరికి ఇదంతా పోయి "ఆర్నెల్లు" అన్న మాటే మిగిలింది. అక్కకు మాత్రం "ఊపిరితిత్తిలో నిమ్ము, మాత్రలతో పోద్ది" అన్నారు.

ఆమెకు చెప్పమని నేను బున్‌తాతో పోట్లాడాను. "పక్కింటిదానివి, పక్కింట్లోనే ఉండు," అన్నాడు.

మాత్రలు మొదలయ్యాక అక్క దగ్గు తగ్గింది. నడుము నిలిచింది. మళ్ళీ పీపా దగ్గర మంట ఎగదోసింది. మొహం నిండా మాత్రం ఎర్రటి పొక్కులు లేచి, ముక్కు పక్కల చర్మం పగిలింది. కళ్ళెదుట మనిషి లేచి తిరుగుతోంది కదా, చూడాల్సింది అది కదా! బున్‌తాకు పొక్కులే కనపడ్డాయి.

"విషం లోపల్నుంచి తన్నుకొస్తోంది," అన్నాడు ఉరైతో. "ఎలాగూ ఈ మందు దానికి పట్టదని మిషనే చెప్పింది. ఉన్న నాలుగు రోజులైనా సుఖంగా ఉండనీవే."

మాత్రలు మార్చేశారు. సీసా అదే, లోపలున్నవి బజారులో దొరికే బలం బిళ్ళలు. అంతటితో ఆగలేదు. అక్క ఇంట్లో పెద్దలకు పూజ చేసే చెక్క గూడును, పైకప్పు కారుతోందని వంక పెట్టి, అక్క పిన్ని కూతురి ఇంటికి తరలించేశారు. తాతకు ముందే కొత్త ఇల్లు చూసిపెట్టారన్నమాట. మనిషి బతికుండగానే దినం చేసేయడమంటే ఇదే!

పొక్కులు మానిపోయాయి. అందరూ మెచ్చుకున్నారు. ఆ వెనకే దగ్గు తిరిగి వచ్చింది. ఒకరోజు అక్క నా వసారాలోకి వచ్చి కూలబడింది.

"ఒసే ఫిన్, నా మొహం ఎలా ఉందే?"

"నున్నగా ఉంది అక్కా."

"అదేనే నా ఏడుపు. పొక్కులున్నన్నాళ్ళూ పీపా ఎత్తాను. నున్నబడ్డాక బుట్ట కూడా మొయ్యలేకపోతున్నా. బిళ్ళ రంగు కూడా మారింది. అడిగితే ఉరై గోడకేసి చూస్తది, అన్నయ్య చుట్ట వెతుక్కుంటాడు. నువ్వు చెప్పు. నాకేంటి?"

అడిగింది గనక చెప్పాను. ఆర్నెల్లతో సహా. అక్క గుండె జారలేదు. కాసేపు బుగ్గలోని ఆకు నమిలి, బయట ఉమ్మేసి వచ్చింది.

"నీ బండి తియ్," అంది.

మర్నాడు డాక్టర్ నిథి గది బయట బల్ల మీద ఎవరినీ వదల్లేదు. ఇద్దరం లోపలే కూర్చున్నాం. మాత్రలు ఆపేశారని వినగానే ఆయన మొహం పాలిపోయింది. కంప్యూటరులోకి చూసి, "ఇప్పటికైనా చుట్టలు మానేశారా అమ్మా?" అన్నాడు.

"చుట్టలా? నేనా?" అంది అక్క. నవ్వబోయి దగ్గింది. తర్వాత నవ్వలేదు. తాత సంగతంతా ఆమే చెప్పింది, సిగ్గుపడకుండా.

డాక్టరు తల గోక్కుని, ఆ ముక్క మార్చి మళ్ళీ లెక్క కట్టాడు.

"ఎంతొచ్చింది?" అంది అక్క.

"అది మామూలుగా ఇంట్లోవాళ్ళకి..."

"ఇంట్లోవాళ్ళకి క్యాన్సర్ లేదు నాయనా. నాకుంది."

ఆయన కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. "మీలాంటివాళ్ళలో సగం మంది ఏడాది దాటి నిలబడతారమ్మా. మీరు ఏ సగంలో ఉంటారో ఈ లెక్కకి తెలీదు. మధ్యలో మందు ఆగిపోయింది, అదెంత చెడుపు చేసిందో కూడా తెలీదు."

"తెలీదని మా అన్నకి చెప్పావా?"

"చెప్పానమ్మా."

"వాడికి సగమే వినపడుద్ది. మిగతా సగం నాకు చెప్పుండాల్సింది. చుట్టకంపుకే వాంతి చేసుకునేదాన్ని పట్టుకుని..." అంటూ లేచింది. ఆయన చేతులు జోడించి తల వంచాడు. నాకు మాత్రం కోపం తగ్గలేదు.

మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి. పొక్కులు మళ్ళీ లేచాయి. ఉరై పౌడరు డబ్బా తెస్తే, "ముట్టుకున్నావంటే చేతులిరుస్తా. అవి నా బంగారాలు," అంది అక్క. ఆ సాయంత్రమే వెళ్ళి పెద్దల గూడును తనే నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

ఆర్నెల్లు దాటాయి. వానలకు ముందు పందిరి వేశారు. డప్పు మోగింది. అక్క ఒళ్ళు ఊగింది, గొంతు మారింది, తాత వచ్చాడు. తలపాగా అడిగాడు. బున్‌తా వంగి వంగి చుట్ట వెలిగించి అందించాడు. తాత దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, బున్‌తా ఒళ్ళో పడేశాడు.

"ఒరే, ఏడాదికోసారి ఈ చుట్టలు కాల్చేది ఎవడ్రా?"

"తమరే తాతా," అన్నాడు బున్‌తా, లుంగీ దులుపుకుంటూ.

"మరి ఆసుపత్రిలో నా పేరు చెప్పడానికి నోరు రాలేదేంరా? నేను తాగింది దీని ఖాతాలో రాయిస్తావా? నా గుర్రానికి పెట్టే మందు మారుస్తావా?"

తాత ఎక్కి వచ్చే మనిషిని మేం గుర్రమే అంటాం. మాట్లాడింది తాతో అక్కో నాకు తెలియదు, అడిగే దమ్ము ఎవరికీ లేదు. తాత ఆ రోజు చుట్ట తాగలేదు. మళ్ళీ ఎప్పుడూ తాగలేదు.

అక్క ఇంకో రెండు వానాకాలాలు మంట ఎగదోసింది. ఆ తర్వాత మాత్ర పట్టు సడలింది. దగ్గు తిరగబెట్టాక అందరం మళ్ళీ పట్నం వెళ్ళాం. గది తలుపు దగ్గర బున్‌తా అలవాటు కొద్దీ ముందుకు నడిచాడు. డాక్టర్ నిథి అడ్డంగా నిలబడి, "అమ్మగారు రావాలి," అన్నాడు. ఈసారి మేమంతా బయట బల్ల మీద కూర్చున్నాం. బున్‌తా కాళ్ళు ఆడిస్తూ, లేస్తూ, తలుపుకేసి చూస్తూ, అంతసేపూ చెమటలు కక్కాడు. బల్ల మీద కూర్చోవడమంటే ఏమిటో తెలిసిందా అని అడగాలని నాకు నాలుక దురద పెట్టింది.

అక్క మెల్లగా బయటికి వచ్చింది. బున్‌తా ఎదురెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమన్నాడే? ఎన్నాళ్ళన్నాడు?"

అక్క ఆ చెయ్యి తీసెయ్యలేదు. దాని మీద తట్టింది.

"నాకు చెప్పాడు అన్నయ్యా. నువ్వు తట్టుకోగలవో లేదో చూసి, నీకు తర్వాత చెప్తా."