రుమాలు ముందు, మావయ్య వెనక

మా మావయ్య ఎక్కడికి వెళ్ళినా ముందు ఆయన చేతిరుమాలు వెళుతుంది, ఆ తర్వాతే ఆయన. బస్సు ఆగకముందే కిటికీలోంచి రుమాలు వెళ్ళి సీట్లో పడుతుంది. సినిమాహాల్లో వరసంతా తెల్లజెండాలే. ఒకసారి మంగలిషాపులో కుర్చీమీద రుమాలు పరిచి టీ తాగడానికి వెళ్ళాడు. వచ్చేసరికి ఆ రుమాలునే ఇంకొకాయన మెడకి కట్టి గడ్డం గీస్తున్నారు. బట్టలకొట్లో ఉద్యోగం కాబట్టి రుమాళ్ళకి ఎప్పుడూ కరువులేదు.

"పెళ్ళిలో నా పక్కన కూడా రుమాలే వేసి ఎటో పోయాడు. ఆయన వచ్చేదాకా దాంతోనే సంసారం చేశా," అంటుంది అత్తయ్య.

పాత యుద్ధవిమానాల ప్రదర్శన ఉందని తెలిసినప్పుడు అందరికంటే ముందు లేచి కూర్చున్నది అమ్మమ్మ, అంటే మావయ్య వాళ్ళమ్మ. యుద్ధంరోజుల్లో ఆవిడ పదహారేళ్ళ పిల్ల. ఆ కాలంలో కొన్ని విమానాలకి రెక్కలంటే కర్రచట్రం, దానిమీద బిగించి కుట్టిన గుడ్డ. ఆ గుడ్డ కుట్టే షెడ్డులో ఆవిడకి పని. కుట్టిన రెక్కల్ని పెట్టెల్లో పెట్టి ఎక్కడికో పంపేసేవారు.

"అవి ఎగిరాయో, కూలాయో, నాకెవరు చెప్పారు? ఒక్కటీ గాల్లో చూడలేదు," అనేది అమ్మమ్మ.

అలాంటి గుడ్డరెక్కల విమానం ప్రదర్శనలో ఒకే ఒక్కసారి ఎగురుతుందట. అమ్మమ్మకి చూపు దగ్గరిదే ఆనుతుంది. మోకాళ్ళు నిలబడనివ్వవు. ముందు వరసలో కుర్చీ దొరక్కపోతే ఆవిడ ఆ విమానం మోత విని ఇంటికి రావలసిందే.

అసలు చంపడానికి చేసిన యంత్రాన్ని చూసి జనం మురిసిపోవడమేమిటో నాకు అర్థం కాదు. తుపాకీ ముసలిదైతే ముద్దొస్తుంది కాబోలు. మనుషులకి మాత్రం ఆ సౌకర్యం లేదు. ఈ మాట దారిలో అంటే మావయ్య, "ఒరేయ్ అల్లుడూ, ఉపన్యాసం తర్వాత, ముందు నడు. కుర్చీలు పోతాయి," అన్నాడు.

గేటు తెరిచీ తెరవకముందే మావయ్య లోపల ఉన్నాడు. మేం చేరేసరికి ముందు వరసలో ఎనిమిది కుర్చీలమీద ఎనిమిది రుమాళ్ళు. మేం ముగ్గురమే. పెద్ద టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి ఎదురుగా నిలబడి ఎర్రబడుతున్నాడు.

"ఇక్కడెవరైనా ఉన్నారా అండీ?"

"ఉన్నారు."

"ఎక్కడ?"

"వస్తున్నారు."

"ఎవరు?"

"వచ్చాక మీకే తెలుస్తుంది."

"గుడ్డముక్కలకి టికెట్లున్నాయా?"

"మీ టోపీకి ఉందా?"

టోపీ ఆయన మమ్మల్ని వంశంతో సహా తిట్టుకుంటూ వెనక వరసకి పోయాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. అంతలో కాలికి సిమెంటుకట్టుతో కుంటుకుంటూ ఒకాయన వచ్చాడు. మావయ్య ఒక రుమాలు లాగేసి కేక పెట్టాడు. "ఇంతాలస్యమా! మీ కోసం అందరిచేతా తిట్లు తింటున్నా, కూర్చోండి!" ఆయన బిత్తరపోయి కూర్చున్నాడు. తర్వాత నెలలు నిండిన ఒకావిడ. "నువ్వూ ఇప్పుడేనా అమ్మా రావడం?" ఆవిడా కూర్చుంది. అలా వరస నిండిపోయింది.

"ఎవరు మావయ్యా వీళ్ళంతా? చుట్టాలా?"

"నాకేం తెలుసురా?" అన్నాడు, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు.

అప్పుడు మైకు గొంతు సవరించుకుంది. గాలి దిశ మారిందట. గాలికి ఎదురుగా తప్ప లేవలేని ఆ ముసలి విమానం మైదానం అవతలి కొసనుంచి లేచి, అక్కడే ఒక చుట్టు తిరిగి దిగిపోతుందట.

మైదానం మొత్తం లేచి పరుగెత్తింది. ముందు వరసలో ఉన్నవాళ్ళే కదలలేక మిగిలారు. ఏరికోరి పరుగెత్తలేనివాళ్ళనే ఒక వరసలో కూర్చోబెట్టిన ఘనత మావయ్యది.

"పోనీలేరా, నా రాత అంతే," అంది అమ్మమ్మ.

మావయ్య రుమాళ్ళన్నీ పోగుచేసి, ఆ వయసులో, ఆ బొజ్జతో, జనంకంటే ముందు పరుగెత్తాడు.

నేను ఒక చేత్తో అమ్మమ్మని, ఇంకో చేత్తో కుర్చీని పట్టుకుని నడిచాను. నాలుగడుగులకోసారి కుర్చీ వేయడం, ఆవిడ కూర్చోవడం, మళ్ళీ లేవడం. అవతలి కంచె దగ్గర ఇసకవేస్తే రాలనంత జనం. మధ్యలో ఒక చోట మాత్రం ఖాళీ. కంచెతీగకి వరసగా ఎనిమిది రుమాళ్ళు ముడివేసి ఉన్నాయి. వాటి ముందు చేతులు బార్లా చాపి కాపలా కాస్తున్నది టోపీ ఆయన!

"జరగండి, జరగండి! పెద్దావిడ వస్తోంది, కనబడ్డం లేదా? ఇది ఆవిడ చోటు!" అని తోటివాళ్ళమీద అరుస్తున్నాడు.

"మావయ్య ఏరండీ?"

"నన్నిక్కడ నిలబెట్టి వెనక్కి పోయాడు. సిమెంటుకాలాయన్ని తెస్తాడట. ఏం మనిషండీ! తిట్టడానికైనా నిలబడడు."

అమ్మమ్మని కూర్చోబెట్టేసరికి విమానం కదిలింది. గడ్డిమీద దగ్గుతూ, ఎగిరెగిరి పడుతూ వచ్చి, మా ముందే నేల వదిలింది. రెక్క కింద గుడ్డ, దానిమీద కుట్లవరస ఎండలో తేటగా కనిపించాయి. అమ్మమ్మ తల పూర్తిగా వెనక్కి వాల్చేసింది. అది తిరిగి దిగేదాకా నోరు మూయలేదు. "ఊడలేదు! కుట్టు ఊడలేదు చూడండి!" అని టోపీ ఆయన చొక్కా పట్టుకుని ఊపేసింది.

సరిగ్గా అప్పుడు జనాన్ని తోసుకుంటూ మావయ్య వచ్చాడు. వీపుమీద సిమెంటుకాలాయన. నడుం వంగి, ముఖం నేలవైపు వాలి ఉంది. మైదానం పొడవునా అలాగే వచ్చాడు. విమానమంటూ ఒకటి లేచిందని మోత వినడమే తప్ప ఆయన చూసిందేమీ లేదు.

"ఏమే అమ్మా, ఎలా ఎగిరింది?" అన్నాడు రొప్పుతూ.

అమ్మమ్మ కళ్ళజోడు తుడుచుకుంటూ బింకంగా, "ఎగరకేం చేస్తుందిరా? కుట్టినప్పుడే తెలుసు నాకు," అంది.

"తెలిస్తే మరి ఇంత దూరం ఎందుకొచ్చావే?"

"నువ్వు చోటు పట్టావుగా. ఖాళీగా పోతుందని!"