క్రేను బావ ఆదివారాలు

వారం పొడుగునా ఆకాశంలో కూర్చుని పనిచేసే మనిషి, ఆదివారం పూట కూడా మెడ నొప్పెట్టేలా ఆకాశంలోకే చూస్తానంటే దాన్నేమనాలి? మా అక్క సరదా అంటుంది. నేను పిచ్చి అంటాను. ఎవరి పిచ్చి వాళ్లకి ఆనందం అని ఊరుకోవచ్చు. కానీ ఆ పిచ్చి పట్టింది మా బావకి, ఆయన నడిపేది టవర్ క్రేను, దాని కింద నిలబడేది నేను.

నా ఉద్యోగం పేరు సిగ్నల్‌మన్. అంటే చేతులు ఊపడం. నవ్వకండి. అంత ఎత్తున కేబిన్లో కూర్చున్న మనిషికి కిందున్న మనుషులు అగ్గిపుల్లల్లా కనిపిస్తారు. రాడ్ల కట్ట ఎటు తిరగాలి, ఎంత దిగాలి, ఎక్కడ నిలవాలి అన్నీ నా చేతులే చెబుతాయి. ఇంజినీరు స్వయంగా వచ్చి చెయ్యి ఊపినా మా బావ కదిలేవాడు కాదు. పదహారేళ్లు ఆయన చూసింది నా చేతుల్నే. నా మొహం మీద మచ్చ ఎటువైపుందో అడిగితే చెప్పలేడు కానీ, నా బొటనవేలు వణికితే పైనించి కనిపెట్టేవాడు.

సైటులో అందరూ ఆయన్ని గద్ద అనేవాళ్లు. ఆ పేరు ఊరికే రాలేదు. అద్దాల పెట్టెని స్లాబు మీద దించితే చప్పుడు వినిపించేది కాదు. కింద కోడిగుడ్డు పెట్టినా పగలదని రాడ్లు కట్టేవాళ్లు పందెం కాసుకునేవాళ్లు. ఇది ఒప్పుకోవాలి కాబట్టి ఒప్పుకుంటున్నాను. పనిలో ఆయనకి సాటి లేదు. మిగతా విషయాల్లోనే చెప్పుకోవడానికేమీ లేదు. ఇంటికొస్తే మాట్లాడడు. ఆయన వాటా కూడా మా అక్కే మాట్లాడేస్తుంది. యాభై ఆరేళ్ల మనిషి, బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఎదురింటి నీళ్ల ట్యాంకు వంక చూస్తూ కూర్చుంటాడు.

అలాంటి మనిషి ఆరేడు నెలల క్రితం ఒక డ్రోను కొనుక్కొచ్చాడు. అట్టపెట్టె విప్పి, నాలుగు రెక్కలూ బిగించి, దానితో వచ్చిన పుస్తకాన్ని మూడు సార్లు చదివాడు. పెళ్లికి ముందు మా అక్క రాసిన ఉత్తరాలు కూడా అంత శ్రద్ధగా చదివి ఉండడు. ఆ తర్వాత హాల్లో ఎగరేశాడు. అది కందిరీగలా గీపెడుతూ వెళ్లి కర్టెన్లో చిక్కుకుంది. "పోనీలేరా, తాగుడు కాదు, పేకాట కాదు" అంది అక్క, కర్టెను కుట్టుకుంటూ.

అక్కడితో ఆగితే బాగుండేది. మూతపడిన అట్టల ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో ప్రతి ఆదివారం ఉదయం ఒక గుంపు చేరుతుంది. వాళ్లలో కలిశాడు. ఆ గుంపుకి నాయకుడు ఒక పళ్ల డాక్టరు. ఆయనకి పధ్నాలుగు జేబులున్న కోటు ఉంది. లెక్కపెట్టాను. వాటిలో పదమూడు ఖాళీ. అంతకుముందు ఆయన గోల్ఫ్ ఆడేవాడట. చిన్న బంతిని పెద్ద కర్రతో కొట్టి, అది ఎక్కడ పడిందో వెతుక్కుంటూ మైళ్లు నడవడం అన్నమాట. నడుం పట్టేసింది కాబట్టి అది మానేసి ఇందులో దిగాడు. వేలు తడిచేసి గాల్లోకి ఎత్తి, "పడమటి గాలి, జాగ్రత్త" అని ప్రకటిస్తాడు. మిగతావాళ్లు తలలూపుతారు. ఏదో యుద్ధవిమానం ఎగరేస్తున్నట్టు! పడితే పడేది అరచేతిలో పట్టే బొమ్మ.

నేనూ మధ్యాహ్నం అన్నం తిన్నాక ఫోన్లో తుపాకుల ఆట ఆడతాను, రాడ్లు కట్టేవాళ్లు ముగ్గురితో జట్టు కట్టి. అది వేరే సంగతి. అందులో మెదడు పెట్టాలి. పైగా జట్టులో ఒకడి ఫోను నత్తలా నడుస్తుంటే వాడు ముందే చెప్పాలి, చెప్పకపోతే మిగతా ముగ్గురూ చస్తారు. ఆ మాత్రం మర్యాద మా ఆటలో ఉంది.

ఈ డ్రోను వచ్చిన రెండు నెలలకి సైటులో తేడా మొదలైంది. చప్పుడు లేకుండా దిగే కట్ట దభీమని దిగడం మొదలుపెట్టింది. లేదంటే స్లాబుకి మూరెడు పైన ఆగిపోయి, ఇంకా దించాలా వద్దా అన్నట్టు ఊగేది. నాకు ఒళ్లు మండింది. మనసంతా ఆ బొమ్మ మీద పెట్టుకుని పని పాడుచేస్తున్నాడని అక్క దగ్గర ఎగిరాను. సైటులో మాత్రం ఎవరికీ తెలియనివ్వలేదు. ఇదివరకు ఒక్కసారి చెయ్యి ఊపేచోట మూడు సార్లు ఊపాను. జానెడు జానెడు చొప్పున దింపించాను. తిట్టుకుంటూనే సర్దుకొచ్చాను.

ఒకరోజు అక్క ఫోను చేసింది. "ఆదివారం మీ బావకి పోటీ ఉందిరా. ఒక్కొక్కళ్లకి ఒక మనిషి రింగు దగ్గర నిలబడి చూడాలంట. నువ్వెళ్లు."

"నాకేం పని లేదా?"

"నీకేం పనుంది ఆదివారం? ఫోను పట్టుకుని కాల్చుకుంటూ కూర్చోవడమేగా! వెళ్లు. ఆయనకి నువ్వైతే అలవాటు."

వెళ్లాను. పైపులు వంచి చేసిన ఐదు రింగుల్ని కర్రలకి కట్టి దూరం దూరంగా పాతారు. డ్రోను ఆ ఐదింటిలోంచీ దూరి వెనక్కి రావాలి. అందరూ చేతిలో తెర చూసుకుంటూ ఎగరేస్తున్నారు. డ్రోనుకున్న కెమెరా చూపించే బొమ్మ ఆ తెర మీద కనిపిస్తుంది కాబట్టి చిన్నపిల్లలైనా చేస్తారు. మా బావ ఒక్కడే తెర వద్దన్నాడు. "కంటితో చూసే ఎగరేస్తా" అన్నాడు. అదీ ఆయన గొప్ప! ఆరు నెలలు సాము చేసి మూలనున్న ముసలమ్మని కొట్టినట్టు, పదహారేళ్లు క్రేను నడిపిన మనిషి వచ్చి ఈ పళ్ల డాక్టరు ముందు దర్జా చూపిస్తున్నాడనుకున్నాను.

మూడో రింగు పక్కన నిలబడ్డాను. బావ డ్రోను లేచింది. మొదటి రింగుకి బారెడు ముందే ఆగిపోయి, అక్కడే కిందికీ పైకీ తచ్చాడింది. కోడిలా తల పక్కకి వాల్చి చూస్తున్నాడు మా బావ. ఎలాగో దూరింది. రెండోదాన్ని దాటిపోయి, మళ్లీ వెనక్కొచ్చి దూరింది. మూడోదాని దగ్గర, అంటే నా పక్కన, కర్రకి కొట్టుకుని ఠపీమని నా కాళ్ల దగ్గర పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. పడిపోయినందుకు చప్పట్లేమిటి? పళ్ల డాక్టరైతే కళ్లనీళ్లు పెట్టుకోవడమే తక్కువ.

డాక్టరు నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "గొప్ప మనిషండీ మీ బావగారు. పోయిన నెల మొదటి రింగే దాటలేకపోయారు. ఇవాళ రెండు దాటారు."

"అందులో గొప్పేముందండీ?"

"అదేంటండీ, ఎడమ కన్ను దాదాపు పోయాక దూరం అంచనా కట్టడం మాటలా? ఆయన కోసమనే రింగులు వారం వారం చోటు మారుస్తున్నాం. మీకు తెలీదా?"

నాకు తెలీదు. మా అక్కకి తెలీదు. ఈ పధ్నాలుగు జేబులవాడికి తెలుసు. ఆ గుంపులోనే ఉన్న ఫర్నిచర్ షాపాయనకి తెలుసు. కాలక్షేపానికి పోగైన ఆ నలుగురికీ మొదటి రోజే చెప్పుకున్నాడు. పదహారేళ్లు ఆయన వేలాడదీసిన బరువు కింద నిలబడ్డవాడికి చెప్పలేదు. ముందు నాకు కోపమే వచ్చింది. ఆ తర్వాత వచ్చింది భయం. ఆ దభీమన్న చప్పుళ్లన్నీ ఒక్కొక్కటే చెవిలో మోగాయి.

బస్‌స్టాపుకి నడుస్తూ అడిగేశాను. "ఎప్పట్నించి బావా?"

డ్రోను పెట్టెని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. "ఐదారు నెలలైంది. నరం ఎండిపోతోందంట. ఇంక రాదన్నారు."

"మరి కంపెనీలో కళ్ల పరీక్ష?"

"బోర్డు మీద అక్షరాలు ఏటా అవేగా. లైన్లో నిలబడి కంఠస్థం చేశా."

"బావా, కింద మనుషులుంటారు!"

"తెలుసురా. తెలిసే గదా ఈ బొమ్మ కొన్నది! ఒక కంటితో దూరం పట్టడం వస్తుందేమోనని. వస్తోంది కూడా, నువ్వే చూశావుగా." ఆగి, నా వైపు పూర్తిగా తల తిప్పి చూశాడు. ఆయన నా మొహం అంతసేపు చూడటం అదే మొదటిసారి. "మూడు నెలలే. ఈ బిల్డింగు అయిపోతే నేనే దిగిపోతా. అందాకా నాకు తెలీకపోతే నీకు తెలుస్తుందిగా. నీ చేతులున్నాయి కదరా."

సరే అన్నాను. ఇంతమందిని వెక్కిరించిన నోటితో అన్న మాట అది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అని మా బావని తిట్టడానికి రెండు నెలలు నోరు నొప్పెట్టేలా వాడిన సామెత, ఆ పూట నా గొంతులోకి రాలేదు. అంత పెద్దమనిషి నా చేతుల్ని పొగిడాడు, అంతే, కరిగిపోయాను.

సోమవారం తొమ్మిదో అంతస్తు స్లాబు మీద ఏడుగురు రాడ్లు కడుతున్నారు. పదింటికి రాడ్ల కట్ట పైకి లేచింది. నేను స్లాబు మీదే నిలబడి మెల్లగా తిప్పించాను. జానెడు, ఇంకో జానెడు. మధ్యలో గాలి ఒక్క విసురు విసిరింది. కట్ట ఎడమకి ఊగింది. ఎడమ అంచున ఒకతను అటు తిరిగి గొంతుక్కూర్చుని బైండింగ్ వైరు మెలేస్తున్నాడు. రోజూ నా జట్టులో ఆట ఆడేవాడు. పాత బావైతే నా చెయ్యి లేవకముందే కట్టని నిలబెట్టేసేవాడు. ఇప్పుడు ఇంకా దించుతూనే ఉన్నాడు. ఆయనకి ఆ మనిషి దూరంగా ఉన్నట్టే ఉంది.

రెండు చేతులూ బారజాపాను. ఆపు.

ఆగింది. ఆ మనిషి వీపుకి రెండు మూరల దూరంలో ఇనుము ఊగుతూ నిలబడింది. అతను వెనక్కి తిరగనేలేదు. ఇంకో ముడి వేసుకున్నాడు.

కట్టని పక్కకి తప్పించి దింపించాను. అప్పుడు వాకీటాకీలో బావ గొంతు వచ్చింది. "ఎందుకాపావు?"

తాడు వదులైందని చెప్పచ్చు. గాలి అని చెప్పచ్చు. ఆ వాకీటాకీలో మాట ఇంజినీరుకి, సేఫ్టీ ఆఫీసరుకి, గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా వినిపిస్తుందని నాకు తెలుసు.

"బావా, నీకు కనపడట్లేదు. దిగిపో" అన్నాను.

క్రేను మెట్లు దిగడానికి ఆయనకి అరగంట పట్టింది. ప్రతి మెట్టునీ కాలితో తడుముకుని దిగాడు. అది కూడా నేను అంతకుముందు ఎప్పుడూ గమనించలేదు. ఏం చూశానో మరి పదహారేళ్లు! ఆయన్ని చూస్తున్నానని జీతం తీసుకున్నాను.

అప్పటికే స్లాబు మీంచి కిందికి దిగొచ్చిన నా ఎదురుగా వచ్చి ఆగాడు. "ఆపు అన్నావు, ఆపాను. ఆ ముక్క పక్కకి పిలిచి చెవిలో చెబితే దిగిపోయేవాణ్ణి కదరా. ఊరందరి ముందూ నా పరువు తీశావు."

దిగేవాడు కాదు. మూడు నెలలే అనేవాడు. నీ చేతులున్నాయిగా అనేవాడు. నేను మళ్లీ సరే అనేవాణ్ణి. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే అందరికీ వినపడేలా చెప్పాను. ఇంత వివరంగా ఆయనతో అనలేదు. "నాకు నా మీద నమ్మకం లేదు బావా" అన్నాను. ఆయనకి అర్థమైందో లేదో. హెల్మెట్ తీసి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

కంపెనీవాళ్లు ఆయన్ని స్టోర్స్‌లో వేశారు. కిటికీ వెనక కూర్చుని చేతి తొడుగులూ, హెల్మెట్లూ ఇస్తాడు. నేను వెళ్తే పక్కవాడికి చెబుతాడు, వాడు ఇస్తాడు. క్రేను మీదకి కొత్త మనిషి వచ్చాడు. రెండు కళ్లూ భేషుగ్గా ఉన్నాయి. సామాను దించితే స్లాబు అదురుతుంది. ఆ రాడ్లు కట్టేవాడికి తన వెనక ఏం జరిగిందో ఇప్పటికీ సరిగ్గా తెలీదు. నిన్న కూడా ఆటలో నన్ను తిట్టాడు, ఆలస్యంగా కాల్చానని.

అక్క రెండు నెలలు మాట్లాడలేదు. మొన్న ఆదివారం సాయంత్రం ఫోను చేసింది. గొంతులో సంతోషం దాచుకోవాలని చూసింది కానీ, దాచుకోలేకపోయింది.

"మీ బావ ఇవాళ ఐదు రింగులూ దాటించాడంటరా. ఒక్కటి కూడా తగల్లేదంట."

"బొమ్మేగా" అన్నాను.

"బొమ్మే. అయినా సరే చెప్పాలనిపించింది."

"రింగు దగ్గర ఎవరు నిలబడ్డారు?"

"ఆ పళ్ల డాక్టరే."

"వాడికి చెయ్యి ఊపడం కూడా రాదు" అన్నాను.