కుడి చెవి ముందరి చప్పుడు

2018 జూలై 9, సోమవారం, పొద్దున ఏడుంబావు. జొన్నరొట్టె రెండో తునక నములుతుంటే కుడి చెవి ముందర టక్కుమన్నది. నోరు సగం తెరుచుకొని ఆగింది, రెండు వేళ్లు పట్టేంత. అంగన్‌వాడి టీచరు పని మానేసి అప్పటికి మూడు నెలల తొమ్మిది రోజులు.

కేతేపల్లి దగ్గరి మా ఊళ్లో ఇరవై రెండేండ్లు పిల్లలను తూకమేసి నెలనెలా పుస్తకంలో రాసిన చెయ్యి నాది. అందుకే నా నొప్పిని కూడా రాసుకున్న. జూలైలో దవడ. ఆగస్టులో చెవిపోటు, కణతల నొప్పి. సెప్టెంబరుకు మెడ, భుజం, కడుపులో మంట. నల్లగొండలో పండ్ల డాక్టరు దవడ పండ్లు రెండు పీకిండు. నొప్పి ఉన్నచోటనే ఉన్నది. పీకిన పండ్లను కాగితంలో చుట్టి ఇస్తే విప్పి చూసిన. ఒక్కదానికీ పుచ్చు లేదు.

నాతో ఆయాగా చేసినామె మా వెనక వాడలో ఉంటది. వాళ్లు క్రైస్తవులు, ఒకప్పుడు కూలికి పోయినోళ్లు. మేము గొర్లు కాసుకునేటోళ్లం. మొదటి ఏడు నేను లోపల, ఆమె గడప బయట తిన్నం. రెండో ఏడు ఒక వానరోజు, "తడుసుకుంట తినమంటవా? జర జరుగు టీచరమ్మా," అని వచ్చి పక్కన కూర్చున్నది. "నీ పప్పు నీళ్లు, నా తొక్కు నిప్పు. కలిపితేనే ఇద్దరం బతుకుతం" అని నా డబ్బాలో చెయ్యి పెట్టింది. అప్పటినుంచి రెండు డబ్బాలూ ఒక్కటే.

నేను మానేసినంక ఆమె ఆదివారం చర్చి నుంచి వస్తూ రొట్టెలు తెచ్చేది. నమలలేక "ఇప్పుడే తిన్న" అనేదాన్ని. దవడ సంగతి చెప్పలేదు. నమిలితే వచ్చే చప్పుడు పక్కవాళ్లకు వినపడుతుందని సిగ్గు. అక్టోబరు నుంచి తలుపు దగ్గరికేసి పండుకునుడు ఎక్కువైంది. ఎండ ఎక్కినా లేవబుద్ధి కాకపోయేది. మార్చిలో 58 కిలోలున్నదాన్ని, డిసెంబరుకు 49.

క్రిస్మస్ నాడు మాంసం, రొట్టెలు తెచ్చి పెట్టిపోయింది. మర్నాడు గిన్నె కోసం వచ్చి మూత తీసింది. పెట్టింది పెట్టినట్టే ఉన్నది.

"ఇరవై ఒక్క ఏండ్లు ఒక్క డబ్బల తిన్నం. కొలువు దిగంగనే నీ కులం యాదికొచ్చిందా టీచరమ్మా?"

కాదు అనాలె. ఒక్క మాట. ఆ రోజు దవడ అంతగా పట్టలేదు కూడా, పుస్తకంలో రాసే ఉన్నది. అననీ, ఏం పోతది అనిపించింది. గోడ దిక్కు తిరిగి పండుకున్న. ఆమె గిన్నె ఎత్తుకొని పోయింది.

మరుసటి ఏడు మార్చిలో పెద్ద దవాఖానకు పోయిన. డాక్టరమ్మ నా చెవుల ముందర వేళ్లు పెట్టి నోరు తెరిపించింది. "పండ్లు కాదమ్మా, కీలు. నిద్రలో పండ్లు కొరుకుతున్నరు." వేళ్లు తీసి, "ఆఖరుసారి ఎప్పుడు నవ్విన్రు?" అని అడిగింది.

పుస్తకం తిరగేసిన. దవడకు గంటతో సహా ఉన్నది. దీనికి తారీఖు లేదు.

"దవడ నొప్పా, మనసుల దిగులా, ఏది ముందో చెప్పలేం. ఒకదాన్ని ఇంకొకటి పెంచుతది," అని రెండింటికీ మందులు రాసింది.

జూన్‌లో కాస్త తేరుకొని మా ఆయా ఇంటికి పోయి అంతా చెప్పిన. పూర్తిగా విన్నది. నా చెంప మీద చెయ్యి పెట్టి నోరు తెరవమన్నది. చప్పుడు ఆమె వేళ్లకు తగిలింది.

"గప్పుడే చెప్తే ఏమాయె? అంబలి గాసి తెద్దు గదా." చెయ్యి తీసేసింది. "నీది కీలని డాక్టరు చెప్పింది. అర్నెల్లు నాకు నొచ్చింది నేను యాడ చూపియ్యాలె?"

పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నది. చాయ్ ఇచ్చింది. తిన్నవా అని అడగలేదు.

ఇప్పటికీ ఎదురుపడితే నిలబడి మాట్లాడుకుంటం. వానల గురించి, మేము తూకమేసిన పిల్లల పెండ్లిళ్ల గురించి. తర్వాత ఎవరింటికి వాళ్లం పోయి తింటం.

నోరు మూడు వేళ్లంత తెరుచుకుంటది. మందులు మానేసి నాలుగేండ్లు. పోయినవి: బాగున్న పండ్లు రెండు. తొమ్మిది కిలోలు, అందులో ఆరు తిరిగొచ్చినయి. గట్టి రొట్టె. మధ్యాహ్నం పక్కన కూర్చొని తినే మనిషి, ఒకరు.