గుంజ దగ్గర

దోహాలో ఎటు చూసినా క్రేన్లే కనిపించే రోజులవి. షెల్టర్ వాళ్ళిచ్చిన కుక్కలను అబూ హమూర్‌లోని మా ఫ్లాట్‌లో కొన్నాళ్ళు సాకి, మంచి ఇల్లు దొరికితే అప్పగించేదాన్ని. ఆ గోధుమరంగు ఆడకుక్క వచ్చినప్పుడు దాని మెడ చుట్టూ గొలుసు ఒరుసుకుని పుండు పడి ఉంది. పుండు మాని, మా సోఫా ఎక్కి పడుకునే ధైర్యం వచ్చాక, ఉమ్ సలాల్‌లో తోట చూసుకునే నిజామాబాద్ అతను పెంచుకుంటానన్నాడు. కట్టెయ్యనని ఫోన్‌లో మాటిచ్చాడు.

తీరా తీసుకెళితే గేటు పక్కన గుంజ, దానికి కొత్త గొలుసు.

"ఇదేంటి?" అన్నాను.

"రాత్రిపూటనే అక్కా. కట్టెయ్యకుంటె ఎటన్న పోతది," అన్నాడు నవ్వుతూ.

నాకు ఒళ్ళు మండింది. మాటిచ్చి ఇదేం పని అని కడిగేశాను. ఇక వెళ్ళిపోదామని తిరిగితే పక్కన కుక్క లేదు. కోపంలో చేతిలోని తాడు ఎప్పుడు వదిలేశానో తెలియదు. గేటు బార్లా తెరిచి ఉంది, అవతల రోడ్డు మీద లారీలు. గేటు వైపు పరుగెత్తాను.

అది ఎటూ పోలేదు. తనంతట తానే గుంజ దగ్గరికి వెళ్ళి కూర్చుని, గొలుసు వేయించుకోవడానికి మెడ వంచి ఉంది.