జర వదులు

ధర్మసాగర్ దాటి ఆరు కిలోమీటర్లు పోతే తేనెగుట్ట వస్తుంది. గుట్టను గొడ్డలితో నరికినట్టు నడుమ ఒక ఇరుకు లోయ. ఆదివారం ఉదయం ఏడు గంటలకు ఆ లోయ అడుగున జానీ మియా ఒక్కడే నిలబడి నడుముకు తాడు కట్టుకుంటున్నాడు.

మరునాటి నుంచి కంకర కోసం ఆ గుట్టకు పేలుడు తూటాలు పెడతారు. లీజు ఉత్తర్వు దాన్ని ‘జనసంచారం లేని నిరుపయోగమైన బండ’ అని వర్ణించింది. అది రాసిన అధికారి లోయలో అడుగు పెట్టలేదనడానికి ఆ వాక్యమే సాక్ష్యం. ఎందుకంటే ఆ బండ మీద పదకొండేళ్లపాటు, ప్రతి ఆదివారం, ఇద్దరు మనుషులు సంచరించారు. ఒకడు క్వారీలో ఇరవై ఆరేళ్లు డ్రిల్లింగు మిషన్ పట్టిన జానీ మియా. రెండోవాడు కొత్తవాడలో మరమగ్గం నడిపే కైలాసం.

బండలెక్కే పని వారికి ఎవరూ బడిలో నేర్పలేదు. ఎప్పుడో హైదరాబాద్ నుంచి కొందరు గుట్టలెక్కడానికి వచ్చి, సంచులు మోయడానికి వీరిద్దరినీ పిలిచి, పోతూ పోతూ పాత తాడొకటి ఇచ్చిపోయారు. అంతే. ఆ వచ్చినవాళ్లు బండకు ఇనుప మేకులు దిగ్గొట్టుకుందామంటే ఒప్పుకోనివాడు జానీ మియా. “ఆరు దినాలు పొట్టకోసం బండకు బొక్కలు పెడ్తన్న. ఏడో దినం గూడ పెట్టాల్నా?” అన్నాడు. ఆ మాట మీదే నిలబడ్డారు. మేకులకు బదులు కైలాసం లావుపాటి ఎర్ర నైలాను తాడుతో ముడులు వేసేవాడు. వాటిని పగుళ్లలో ఇరికిస్తే, కిందికి గుంజినకొద్దీ బిగుసుకునేవి. ముడి వేయడం నేతవాడికి ఒకరు చెప్పాలా! అందుకే ముందు ఎక్కేది ఎప్పుడూ కైలాసమే. తాడును నడుముకు చుట్టుకుని, పట్టి, కింద నిలబడేది జానీ మియా.

ఇరవై ఒక్క నెలల కింద, రెండో మజిలీలో, అంటే నడుమ అరుగు నుంచి పైకెక్కే భాగంలో, బండ ముందుకు ఉబ్బిన చోట కైలాసం కనుమరుగయ్యాడు. ఆ ఉబ్బుకు వాళ్లు పెట్టుకున్న పేరు బొర్ర. పైనుంచి “వదులు” అని వినబడింది. క్వారీలో పైవాడు తనను తాను బండకు కట్టేసుకున్నాక కిందివాడికి చెప్పే మాట అదే. ఇక తాడు విడిచిపెట్టవచ్చని దాని అర్థం. జానీ మియా విడిచిపెట్టాడు. మరుక్షణం తాడు చేతుల్లోంచి పాములా పరుగెత్తింది. మళ్లీ పట్టుకునేసరికి అతని అరచేతులు కాలిపోయాయి. కైలాసం కుడి మోచేయి కింది అరుగుకు తగిలి విరిగింది.

దవాఖాన నుంచి కబురందుకున్న పోలీస్ స్టేషన్‌లో వాంగ్మూలం రాశారు. చెప్పినవాడి మాటల్లో కాదు, రాసేవాడి మాటల్లో. ‘కైలాసం తాడు వదలమన్నాడు, నేను వదిలాను.’ జానీ మియా సంతకం చేశాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదని అతని నమ్మకం. ఆ కాగితం చదివి వినిపించినప్పుడు, దవాఖాన మంచం మీది కైలాసం మొహం గోడకు తిప్పుకున్నాడు. ఆనాటి నుంచి మాట లేదు. జానీ మియా మూడుసార్లు కొత్తవాడకు పోయాడు. మూడుసార్లూ అదే గోడ, అదే వీపు.

చావు కొనితెచ్చుకునేలా తాడు వదలమని కైలాసం ఎందుకన్నాడు? ఈ ప్రశ్న ఒక్కటే అతనిని తినేస్తున్నది. దానికి జవాబు దొరుకుతుందనే ఆశ అతనికి లేదు. బొర్ర మీద నాటి ముడి ఇంకా ఇరుక్కునే ఉంది. రేపది కంకర కాకముందే తీసి కైలాసం చేతిలో పెట్టాలి. మాట్లాడకపోయినా ముడిని కాదనడు గదా.

ఒంటరిగా ఎక్కేవాడు ప్రతి మజిలీనీ రెండుసార్లు ఎక్కాలి. తాడు ఒక కొసను కింద బండకు కట్టి, రెండు బారలకొకసారి నడుము దగ్గరి ముడి జరుపుకుంటూ పైకి పోవాలి. పైకి చేరాక, మళ్లీ దిగి ఆ కొస విప్పి, ఇరికించిన ముడులన్నీ ఏరుకుని మళ్లీ ఎక్కాలి. రెండోమనిషి లేని లోటును బండ ఇలా వసూలు చేస్తుంది. మొదటి మజిలీ ముగిసేసరికి ఎండ లోయలోకి దిగింది. అరుగు మీద కూర్చుని నీళ్లు తాగి, అలవాటుగా సీసా పక్కకు చాచాడు. అందుకునే చెయ్యి లేదు.

రెండో మజిలీలో బొర్ర దగ్గర ఎర్ర ముడి కనబడింది. వెలిసిపోయి గులాబీ రంగుకు వచ్చింది. ఎడమ పిడికిలి పగుల్లో బిగించి, కుడిచేత్తో ఇనుప చువ్వ పెట్టి పొడిచాడు, పెకలించాడు, గుంజాడు. కదలలేదు. దాన్ని దాటి పైకి పోదామని చెయ్యి చాపితే పట్టు ఒక జానెడు దూరంలో ఆగిపోయింది. నడుము దగ్గర తాడు బిగుసుకుంది. ఇంకో బారెడు తాడు కావాలి, ఇప్పుడే కావాలి. కింద అరుగు మీద ఎవరూ లేరని తెలిసి కూడా, అతని నోరు తనంతట తానే అరిచింది.

“జర వదులు!”

లోయ ఒక్క క్షణం ఆలోచించి, “...వదులు” అని మాత్రమే తిరిగి ఇచ్చింది.

పంటితో ముడి గుంజి తాడు సడలించుకుని, పట్టు అందుకుని, బొర్ర దాటి బోర్లా పడ్డాడు. చాలాసేపు లేవలేదు. కొత్తవాడ ఇంటి ముందు పడుగు సాగదీసేటప్పుడు అవతలి కొసనున్న భార్యకు కైలాసం కేకవేసే మాట గుర్తుకొచ్చింది. చాయ తాగుతూ వందసార్లు విన్న మాట. “జర వదులు, జర వదులు.” ఆమె ఏనాడూ విడిచిపెట్టలేదు. కొద్దిగా సడలించేది, అంతే.

దిగి కింది కొస విప్పుకుని, మళ్లీ ఎక్కి గుట్ట కొనకు చేరాక ఫోనుకు సిగ్నల్ దొరికింది.

“ఎవలు?” కైలాసం భార్య భాగ్యమ్మ.

“వదినా, నేను జానీని. కట్ చెయ్యకు. కైలాసానికియ్యి.”

“ఇస్త అన్నా. మాట్లాడుతడో లేదో నీ నసీబు. నాతోనే సక్కగ మాట్లాడ్తలేడు.”

పక్కింటి మగ్గాల చప్పుడు. దాని వెనుక ఒక ఊపిరి.

“కైలాసం, ఆ దినం బొర్ర మీద నువ్వు ‘జర’ అన్నవా?”

“ఏడున్నవ్?” కైలాసం ఎదురు ప్రశ్న వేశాడు.

“గుట్ట మీద.”

“ఎవలతోని?”

“ఎవలున్నరు నాకు? ఒక్కన్నే.”

“గడ్డం నెరిసింది గని అకల్ రాలే నీకు.”

“అన్నవా, లేదా?”

“అన్న. అనకుంటెట్ల? తాడు గుంజుతాంటే జర వదులనే అంట. నువ్వేమో నేను ఇడిచిపెట్టుమన్ననని కాగితమెక్కించినవ్. పడ్డోని మీదనే తప్పేసినవ్.”

“నాకు వదులొక్కటే వినొచ్చింది, అల్లా కసం. ఇయ్యాల నా నోటితోని నేనే జర అన్న. ఈ లోయ నాకు గూడ వాపసియ్యలే.”

మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి.

“నా ముడి?”

“గుంజిన. రాలే.”

“రాదు. ఏసిందెవలు మరి?”

“రేపు తూటాలు పెడ్తాండ్రు.”

“ఎర్కే.”

“చెయ్యెట్లున్నది?”

“చాయ గ్లాసు నోటిదాంక వస్తది. సగం అంగి తాగుతది.” అతను నవ్వలేదు. “దిగు ఇగ. ఎండెక్కుతాంది.”

“ఫోన్ పెట్టకు.”

“పెట్ట.”

స్పీకరు తెరిచి ఫోను జేబులో వేసుకున్నాడు. తాడును కొనబండ చుట్టూ తిప్పి, జంటగా పట్టుకుని, అంచు నుంచి వెనక్కి ఒరిగాడు. మగ్గాల చప్పుడు అతనితోపాటే లోయలోకి దిగింది. ఆరడుగులు దిగాడో లేదో కైలాసం గొంతు పలికింది.

“జానీ, జర...”

సిగ్నల్ పోయింది. ఈసారి ‘జర’ దక్కింది, దాని తర్వాతిది పోయింది. తాడు బిగబట్టి, ఎందుకో తెలియకుండానే, కాసేపు అక్కడే వేలాడాడు. తర్వాత కిందికి చూసుకుంటూ, జర నెమ్మదిగానే దిగాడు. బొర్ర దగ్గర ఎర్ర ముడి పక్కనుంచే పోయాడు కానీ దాన్ని ముట్టలేదు.