ఆ చెయ్యి నంద్యాలది

పెద్దాయన పోయినాడని నాకు చెప్పింది టీవీ. మా బ్యాటరీల అంగడికి ఎదురుగా ఉన్న టీ బంకులో అది పొద్దున్నుంచీ మోగుతూనే ఉంటుంది. పైన నగల ప్రకటనలో ఒక అమ్మాయి నవ్వుతోంది, కింద ఆయన చావు అక్షరాలై పరుగెత్తుతోంది. చేతిలో పానా పట్టుకొని అట్లాగే నిలబడిపోయాను. టీ బంకు ఆయన నా మొహం చూసి, "ఏందన్నా, తెలిసినోళ్లా?" అన్నాడు. తెలిసినోళ్లా! ఏం చెప్పమంటారు ఆయనకు? షట్టరు దించి ఇంటికి పోయి, మా ఆవిడతో ఒక్క మాట చెప్పి, కూర్చొని ఏడ్చాను.

మధ్యాహ్నం ఫోను మోగింది. ఓదార్చడానికేమో అనుకున్నాను. పార్టీ ఆఫీసు నుంచి. "ఖాదరన్నా, ఈడ పెద్దాయనకు విగ్రహం పెడ్తాండాం. పాత ఫోటోలు నీ కాడ ఉంటాయి గదా. తీస్కోని ఆళ్లగడ్డకు పో, విగ్రహాలు చెక్కే ఆచారితో మాట్లాడు." ఢిల్లీలో శవం ఇంకా లేవనే లేదు. బతికున్నప్పుడు ఆయన ఫోను ఎత్తడానికి తీరిక లేనివాళ్లకు, పోగానే ఎంత తొందరో చూశారా!

దేశమంతా ఆయన్ను నాయకుడంటుంది. నాకు మాత్రం ఆయన మాట, ఆయనకు నేను గొంతు. ఆయన ఉర్దూలో చెబితే నేను తెలుగులో చెప్పేవాణ్ణి. ఇదేదో చదువుకొని చేసింది కాదు. పప్పుశనగ ధర పడిపోయిన ఏడాది ఆయన కోయిలకుంట్ల వచ్చారు. హైదరాబాదు నుంచి రావాల్సిన మనిషి రాలేదు. "ఉర్దూ వచ్చినోళ్లు ఎవరన్నా ఉండారా?" అని మైకులో అడిగితే, జనరేటరు బ్యాటరీ చూడ్డానికి పోయిన నన్ను వేదిక మీదికి తోశారు. చేతుల నిండా మడ్డి. దండం పెడదామంటే కూడా సిగ్గు. ఆయనే ఆ మడ్డి చెయ్యి పట్టుకొని పక్కన నిలబెట్టుకున్నారు.

కాసేపటికి నా చెవిలో అడిగారు: "నేను రెండు ముక్కలు చెప్తే నువ్వు నాలుగు చెప్తున్నావు. మిగతా రెండూ ఎవరివి?"

"అవి ఈ ఊరివి సార్" అన్నాను. మైకు ముందే పగలబడి నవ్వారు. ఆ తర్వాత మా జిల్లాకు ఎప్పుడొచ్చినా ఇంకో మనిషిని పెట్టుకోలేదు.

రైతు ఇంటికి పోతే ముందు కూర్చోవాలి, ఆ తర్వాతే నోరు విప్పాలి అనేవారు. కుర్చీ తెచ్చేలోపే గోనెసంచి మీద కూర్చునేవారు. మా జొన్నరొట్టె, ఎర్రకారం తిని కళ్ల నీళ్లు కారుతుంటే, "ఇంకొంచెం వెయ్యమ్మా" అని అడిగేవారు. దండలంటే చిరాకు. మెడలో వెయ్యబోతే పక్కకు జరిగి నా మెడలో వేయించేవారు. మా ఆవిడ ఆ ఫోటోలు చూసి "పెండ్లికొడుకు" అని ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

ఇక ఆ చెయ్యి సంగతి చెప్పాలి.

అదే ఏడాది నంద్యాల దగ్గర శిరివెళ్ల రోడ్డు మీద రైతులు బండ్లు అడ్డం పెట్టి కూర్చున్నారు. గుత్తకు చేను చేసే మా నాయన కూడా వాళ్లలో ఉన్నాడు, పెద్దాయనా వాళ్ల పక్కనే కూర్చున్నారు, ఆయన వెనక నేను. అప్పుడు అధికారంలో ఉన్న పార్టీకి ఇక్కడ ఒక ఆసామి ఉండేవాడు. ఆయన మాటే చట్టం. పేరు రాయను. ఆయన మనుషులు రెండు జీపుల్లో దిగి, కట్టెలు పట్టుకొని ముసలీముతకా చూడకుండా విరగబాదారు. ఆసామి దూరంగా కారు దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఒక కట్టె మా నాయన తల మీదికి లేచింది. పెద్దాయన మధ్యలోకొచ్చి ఎడమ చెయ్యి అడ్డం పెట్టారు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. విరిగింది కట్టె కాదని ఆయన మొహం చూశాకే తెలిసింది.

ఆసుపత్రిలో పడుకోమంటే వినలేదు. కట్టు కట్టించుకొని మర్నాడే ఆళ్లగడ్డ సభకు బయల్దేరారు. గుంతల రోడ్డు, డొక్కు జీపు. ఎముక వంకరగా అతుక్కుంది. ఆ మోచెయ్యి మళ్లీ తిన్నగా కాలేదు. మా నాయన మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్లు బతికి, మనవలను ఎత్తుకొని, మంచంలో నిద్రలోనే పోయాడు. చలికాలం ఢిల్లీ నుంచి పెద్దాయన ఫోను చేసి, "ఈ రోజు నంద్యాల నొప్పి పెడుతోందయ్యా" అనేవారు. ఆ చేతికి ఆయన పెట్టుకున్న పేరు అది.

తర్వాత ఏమైందో మీకు తెలిసిందే, అన్నిచోట్లా అయ్యేదే. ఆసామి కండువా మార్చి మా పార్టీలోకే వచ్చాడు. పెద్దాయన వద్దన్నారు. ఢిల్లీ వినలేదు. ఆసామి మెడలో కండువా పడిన రోజు ఆయన వేదిక దిగి వెళ్లిపోయారు. దాంతో ఆయన్ను సలహాలివ్వమని ఒక మూలన కూర్చోబెట్టారు, ఒక్క సలహా అడిగిన పాపాన పోలేదు. ఇన్నేళ్లూ ఆయన బతికే ఉన్నారని వీళ్లకు గుర్తు లేదు, చచ్చాక గుర్తొచ్చారు. థూ, ఏం బతుకులు!

ఫోటోలు తీసుకొని ఆళ్లగడ్డ పోయాను. ఆచారి షెడ్డులో రాతిదుమ్ము, మిషన్ల రొద. ఆయన ముందు మట్టితో మూరెడు బొమ్మ చేసి చూపిస్తాడు, అందరూ సరేనంటేనే రాయి మీద చెయ్యి వేస్తాడు. కొన్నాళ్లకు బొమ్మ అయిందంటే మళ్లీ పోయాను. మొహం అచ్చం ఆయనే. కానీ ఎడమ చెయ్యి తిన్నగా ఉంది.

"ఆచారీ, ఈ చెయ్యి వంకర గదా. ఫోటోల్లో చూళ్లేదా?"

"చూసినానప్పా. మా చేతికి రాదు. దేవుళ్లను చేసే చెయ్యి ఇది. వంకరుంటే భిన్నమైన విగ్రహమంటారు, షెడ్డు దాటనీము. నాకు తెలీకుండానే సాపు చేసేసినా."

"ఆయన దేవుడు కాదు. ఆ దెబ్బ మా నాయన తలకాయకు పడాల్సింది" అని జరిగిందంతా చెప్పాను.

"ఈ మాట ముందే చెప్తే ఏంబోయె నీకు?" అని ఆచారి మట్టి తడిపి, ఫోటో చూసుకుంటూ మోచెయ్యి వంచాడు. ఆ వంపు రాగానే పెద్దాయన ప్రాణంతో వచ్చి నిలబడినట్టయింది.

సరిగ్గా అప్పుడే విగ్రహం కమిటీ వాళ్లు కార్లు దిగారు. కమిటీకి పెద్ద ఎవరనుకున్నారు? ఆసామే. బొమ్మ చుట్టూ తిరిగి, చేతి దగ్గర ఆగాడు.

"ఇదేందీ?"

"ఆయన చెయ్యి అట్లనే ఉండె" అన్నాను.

"ఉంటే? రేపు చూసినోళ్లు ఎట్ల ఇరిగిందని అడగరా? యాడికి పోయి చెప్తాం జవాబు?" అని నవ్వి, వేళ్లతో ఆ తడి చెయ్యి పట్టుకొని మెల్లగా తిన్నగా చేశాడు. ఆ పని ఎంత ఓపికగా చేశాడో! పోతూ పోతూ, "పైకెత్తినట్టు పెట్టు ఆచారీ, బాగుంటాది" అన్నాడు.

నేను ఆచారి వైపు చూశాను. ఆయన తల దించుకున్నాడు. "చేయించేది వాళ్లప్పా" అన్నాడు.

పోయిన వారం నంద్యాలలో విగ్రహం తెర తీశారు. పోకూడదనుకున్నాను. నేను పోకపోతే, ఆయన మాట నేను చెప్పిన చోట ఇంకొకడెవడో నిలబడతాడని పోయాను. ఢిల్లీ నాయకుడు హిందీలో దంచుతున్నాడు, నేను ముక్కముక్కకూ తెలుగు చెబుతున్నాను. త్యాగమన్నాడు, చెప్పాను. స్ఫూర్తి అన్నాడు, చెప్పాను. అప్పుడు విగ్రహం వైపు వేలు చూపించి, "ఈ చెయ్యి ఎప్పుడూ ఎవరి ముందూ వంగలేదు" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మైకు దగ్గరికి లాక్కొని మా భాషలోనే చెప్పాను: "ఈ చెయ్యి వంకరగానే ఉండె. మా నాయన్ను కాపాడబోయి ఇరిగింది. ఇరగ్గొట్టించినాయన ఈడనే, ముందు వరస సోఫాలో కూచ్చోనుండాడు."

ముందున్న ముసలి రైతులు నేల చూపులు చూస్తున్నారు. తెలుగు రాని ఢిల్లీ నాయకుడు భేష్ అన్నట్టు నావైపు తల ఊపాడు.

మొదట చప్పట్లు కొట్టింది ఆసామే. ఆయన కొట్టగానే వేదికంతా కొట్టింది, ఆ తర్వాత జనమంతా కొట్టారు.

మెట్లు దిగుతుంటే ఆసామి ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "బాగా చెప్పినావ్ ఖాదరన్నా. పెద్దాయన ఉంటే శానా సంతోషపడేటోడు." ఫోటోల వాళ్లు వచ్చేదాకా ఆ పట్టు వదల్లేదు.