అవ్వ నన్ను తిట్టని తొమ్మిది నెలలు

నాకు చిన్నప్పటి నుంచి ఒక జబ్బు ఉంది. అందరూ ఉప్పు అనే చోట నేను లవణం అంటాను. అది డాబు కాదని ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాను. మా నాన్న తెలుగు మాస్టారు. భోజనానికి కూర్చున్నాక ఏదో ఒక వస్తువుకు ఐదారు పేర్లు అప్పజెబితే గానీ అన్నంలో నెయ్యి పడేది కాదు. అలా నెయ్యి కోసం నేర్చిన మాటలు నాలుక మీద తిష్ట వేశాయి. ఒకసారి పెళ్లిచూపుల్లో అమ్మాయి ఇచ్చిన కాఫీ తాగి "కవోష్ణంగా ఉన్నది" అన్నాను. గోరువెచ్చగా ఉందని చెప్పడమే నా ఉద్దేశం. వాళ్లు మాత్రం ఈ మనిషితో రోజూ ఎవరు మాట్లాడతారంటూ సంబంధం వద్దన్నారు.

ఆ జబ్బుతోనే డర్బన్‌లో దిగాను. అప్పటికి ఆ దేశంలో అన్ని రంగులవాళ్లూ కలిసి మొదటిసారి ఓటు వేసి రెండేళ్లయింది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పెయింట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో కెమిస్టు ఉద్యోగం. క్యాంటీన్‌లో తెల్లవాళ్లకూ మిగతావాళ్లకూ మధ్య ఉన్న గోడను కొత్తగా పడగొట్టారు. గోడ పోయినా పాత మనుషులు పాత కుర్చీల్లోనే కూర్చునేవాళ్లు. ఎటు కూర్చోవాలో తెలియక నేను గోడ ఉండిన చోట నిలబడి తినేవాణ్ణి. దేశానికి పదకొండు అధికార భాషలట, అందులో నాది లేదు. పొద్దుగూకేదాకా ఇంగ్లీషు మాట్లాడి మాట్లాడి తెలుగు కోసం మొహం వాచిపోయింది.

అందుకే డర్బన్‌లో మనవాళ్లు ఎక్కువగా ఉండే చాట్స్‌వర్త్ పేటలో తెలుగువాళ్ల ఇల్లు వెతుక్కుని మరీ వాళ్ల పెరటి గది అద్దెకు తీసుకున్నాను. ఇంటి యజమాని డెబ్బై దాటిన అవ్వ. ఆవిడ తాత ఎప్పుడో కోస్తా నుంచి ఓడెక్కి చెరకు తోటల్లో కూలికి వచ్చాడు. అవ్వతో పాటు బ్యాంకులో పనిచేసే మనవరాలు ఉండేది. నేను పెట్టె పట్టుకుని గేటు తీసేసరికి అవ్వ కుక్కను తరుముతోంది.

"ఎదవా! హాయీ, ఐకోనా! నా బంతిపూలు తొక్కతావా? పో అవతలికి!"

హాయీ అన్నది అక్కడి అదిలింపు, ఐకోనా అంటే ఠాట్, వద్దని. అవి పోను మిగిలినదంతా తెలుగే. నాకు కళ్లు చెమర్చాయి. పెట్టె కింద పెట్టి, చేతులు జోడించి, "అవ్వా, తమ సన్నిధిలో నివసించే సదవకాశాన్ని మహద్భాగ్యంగా భావిస్తున్నాను" అన్నాను.

అవ్వ చెప్పులు విడిచింది. కొంగు తల మీదికి లాక్కుంది. కళ్లు మూసుకుని "గోవిందా" అంది.

ఆ రోజు నుంచి నాతో ఒక్క తెలుగు ముక్క మాట్లాడితే ఒట్టు. "గుడ్ మార్నింగ్ సర్", "టీ సర్", అంతే. ఎందుకిలా అని మనవరాలిని అడిగితే ఇంగ్లీషులో విడమరిచి చెప్పింది. వాళ్లింట్లో తెలుగు రెండు పనులకే మిగిలింది. ఒకటి దేవుడికి దండం పెట్టడానికి, రెండోది ఇంట్లోవాళ్లను తిట్టడానికి. "మీరు తిట్టడం లేదు కదా అంకుల్, అందుకని ప్రార్థన చేస్తున్నారనుకుంటోంది" అంది.

ఇక నాకు ఒకటే కోరిక పట్టుకుంది. అవ్వ చేత ఎలాగైనా తిట్టించుకోవాలి. నవ్వకండి. ఆ ఇంట్లో మనవరాలు తిట్లు తినేది, పోస్టుమ్యాన్ తినేవాడు, టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి కూడా తినేది. నాకు మాత్రం మర్యాద. బురద కాళ్లతో వంటింట్లోకి వెళ్లాను. కుళాయి కట్టేయకుండా వదిలేశాను. అవ్వ చూస్తుండగా ఎంగిలి చేత్తో మామిడికాయ పచ్చడి జాడీలో కలబెట్టాను. "ఇట్స్ ఓకే సర్" అని జాడీ మూత పెట్టుకుంది.

మామూలుగా మాట్లాడి చూద్దామనుకున్నాను. గదిలో అద్దం ముందు పదిసార్లు సాధన చేసి వెళ్లి, "అవ్వా, నీళ్లు" అన్నాను. అక్కడితో ఆగవచ్చు కదా? "పిపాసతో ఉన్నాను" అని తోక తగిలించాను. నీళ్లు ఇత్తడి చెంబులో తులసాకు వేసుకుని వచ్చాయి.

మా ఊళ్లో నన్ను డాబుసరి మనిషన్నారు, ఇక్కడ స్వామీజీని చేశారు. ఎటు తిప్పినా నా పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాళ్లు లేరు. ఆ నెలల్లో నాకు చాలా దిగులుగా ఉండేది.

తొమ్మిదో నెలలో అమ్మోరికి అంబలి పోసే పూజ వచ్చింది. అక్కడి చలికాలంలో ఏటా చేస్తారు. మొక్కజొన్న పిండి అంబలి పులియబెట్టి, పెరుగూ ఉల్లిపాయ ముక్కలూ కలిపి, అమ్మోరికి పెట్టాక వీధి వీధంతా తాగుతారు. పెరట్లో జనం నిండిపోయారు. పూజారి డర్బన్ పక్కనే ఉన్న ఒట్టావా అనే ఊరి నుంచి రావాలి. ఆయన కారు దారిలో ఆగిపోయిందని ఫోన్ వచ్చింది. అవ్వ అటూ ఇటూ చూసి, చేతిలో గరిటెతో నా వైపు చూపించింది.

"సర్, యు డూ."

నాకు మంత్రాలు రావు. ఆ మాట చెప్పేస్తే సరిపోయేది. కానీ అంతమంది చేతులు జోడించి చూస్తుంటే ఛాతీ దానంతటదే ముందుకొచ్చింది. అది మాత్రం డాబే, ఒప్పుకుంటున్నాను. వెళ్లి అమ్మోరి ముందు నిలబడ్డాను. నోరు తెరిస్తే ఏమీ రాలేదు. వచ్చిందల్లా నాన్న నెయ్యి గిన్నె పట్టుకుని అప్పజెప్పించిన కప్ప పేర్లు.

"మండూకాయ నమః. భేకాయ నమః. దర్దురాయ నమః. ప్లవాయ నమః."

"గోవిందా!" అన్నారు జనం.

నాకు ఊపు వచ్చింది. కప్పలు అయిపోయాక పిల్లి మీదికి వెళ్లి "మార్జాలాయ నమః" అన్నాను. ఎదురుగా ఉల్లిపాయలు కనబడితే "పలాండవే నమః" అని వాటికీ ఒక దండం పెట్టాను. గోవిందలతో పెరడు మోగిపోయింది.

వెనక్కి వస్తుంటే పక్కింటి పెద్దావిడ దారికడ్డంగా నిలబడింది. మర్నాడు ఆమె కొడుక్కి గుండె ఆపరేషన్. ఆ మంత్రం కాగితం మీద రాసిస్తే కొడుకు దిండు కింద పెడతానని ఇంగ్లీషులో బతిమాలింది. కాగితం, పెన్నూ ఆమె చేతిలోనే ఉన్నాయి.

పెన్ను తీసుకున్నాను. రాయలేకపోయాను. అంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు. అవ్వ దగ్గరికి వెళ్లాను.

"అవ్వా, నాకు మంత్రాలు రావు. అవి కప్ప పేర్లు. భయమేసి చెప్పాను."

ఒక్క పెద్ద మాట కూడా నోటికి రాలేదు. అవ్వకు నేను మాట్లాడింది పూర్తిగా అర్థం కావడం అదే మొదటిసారి. చేతిలో గరిటె లేచింది.

"ఎదవా! అమ్మోరికి కప్ప చెప్తావా? సిగ్గు లేదా? అంత సదువు సదివి బుర్ర లేదా నీకు? హాయీ, సచ్చినోడా!"

వీధంతా వినబడేలా తిట్టింది. తిడుతూనే అమ్మోరి వైపు తిరిగింది. గొంతు తగ్గించలేదు, మాట మార్చలేదు.

"అమ్మా, ఈ ఎదవకి తెలీదు, కోపం వద్దు. ఆ పిల్లోడి గుండె బాగు చెయ్. చెయ్యకపోతే నీకు అంబలి లేదు, ఇను!"

"గోవిందా" అంది పక్కింటావిడ ఏడుస్తూ. మిగతావాళ్లూ అన్నారు. నేనూ అన్నాను. నా ఐదారు పేర్లలో ఏదీ ఆ మాటలకు దగ్గరగా కూడా రాదని నాకు అక్కడే తెలిసింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ కొడుకు తర్వాత నన్ను ఎప్పుడు చూసినా కప్పలా బెకబెకమనేవాడు.

అవ్వ కళ్లు తుడుచుకుని నా వైపు చూసింది. నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను.

"ఏం సూస్తావురా? గిన్నెలు తే, పో!"

గిన్నెలు ఎక్కడుంటాయో నాకు తెలియదు. అయినా అడగకుండా వంటింట్లోకి పరుగెత్తాను. అడిగితే ఎక్కడ మళ్లీ సర్ అంటుందోనని భయం.